కరెంటు పెట్టే ముందు ఆ గ్రంథుల సంగతీ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్య పేజీలో ‘మనిషి తలలో కొత్త అవయవం’ అన్న చిన్న వార్త చదివాను. ముక్కు వెనకాల ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించని లాలాజల గ్రంథుల జతను నెదర్లాండ్స్ డాక్టర్లు కనిపెట్టారనీ, ఈ కాలంలో కూడా ఇలాంటిది బయటపడటం వింత అనీ రాశారు. వింతే, కాదనను. కానీ దానివల్ల ఎవరికి మేలు జరుగుతుందో ఒక్క ముక్క కూడా లేదు. మన గుంటూరు, విజయవాడ వాళ్లకు కావలసింది ఆ ముక్కే. అందుకే ఈ ఉత్తరం.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో వౌటర్ వోగెల్ రేడియేషన్ (మనం ‘కరెంటు పెట్టడం’ అంటామే, అది) ఇచ్చే డాక్టరు, మాథైస్ వాల్‌స్టార్ సర్జన్. ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులకు తీసే ఒక రకం స్కాన్‌లో వాళ్లకు ఈ గ్రంథులు కంటబడ్డాయి. 2020లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పారు. ఆ స్కాన్ కోసం ఎక్కించే మందు ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలకు అంటుకుని వెలుగుతుంది. లాలాజల గ్రంథులకూ అంటుకుంటుంది. చెవి ముందు, దవడ కింద, నాలుక కింద ఉండే మూడు జతలు వెలగడం మామూలే. వాటితో పాటు ముక్కు వెనక, గొంతు పైభాగాన, చెవి నుంచి వచ్చే గొట్టం తెరుచుకునే చోట ఇటొకటీ అటొకటీ మరో రెండు వెలిగాయి. ఒక్కొక్కటి సుమారు నాలుగు సెంటీమీటర్ల పొడవు. 100 మంది స్కాన్‌లు చూస్తే అందరిలోనూ ఉన్నాయి. తర్వాత రెండు మృతదేహాల్లో ఆ చోటును పరిశీలించి, అక్కడ గ్రంథి కణజాలం ఉందని రూఢి చేసుకున్నారు. ఇది విడిగా ఒక అవయవమా, లేక నోటి నిండా, గొంతు నిండా సుమారు వెయ్యి దాకా ఉండే చిన్న గ్రంథుల్లో ఒక గుంపా అన్న వాదన నిపుణుల మధ్య ఉంది. అది వాళ్లు తేల్చుకుంటారు.

వోగెల్, వాల్‌స్టార్ అక్కడితో ఆగలేదు. రేడియేషన్ తీసుకున్న 723 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల వివరాలు తిరగేశారు. ఈ గ్రంథులున్న చోట రేడియేషన్ ఎంత ఎక్కువ పడితే, తర్వాత నోరు ఎండిపోవడం, మింగలేకపోవడం అంత ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే వీలున్న రోగుల్లో ఈ చోటును తప్పించి రేడియేషన్ ఇస్తే, బతికి బయటపడ్డాక వాళ్ల అవస్థ కొంత తగ్గవచ్చన్నమాట. నా దృష్టిలో అసలు వార్త ఇది.

నోరు ఎండిపోవడం అంటే దాహం వేయడం అనుకునేవాళ్లు చాలామంది. మా అన్నయ్యను చూస్తే తెలుస్తుంది. మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసినన్నాళ్లూ బుగ్గన ఖైనీ ఉండాల్సిందే. నాలుక పక్కన పుండు మానకపోతే పరీక్ష చేయించాం, క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు, తర్వాత కరెంటు పెట్టారు. జబ్బు పోయింది. ఆ డాక్టర్లకు మేం జీవితాంతం రుణపడి ఉంటాం. కానీ నోట్లో ఉమ్మి ఊరడం ఆగిపోయింది. అన్నం ముద్ద పెట్టుకుంటే ఎంత నమిలినా పొడిపొడిగా నోట్లోనే తిరుగుతుంటుంది. ముద్దకో గుక్క నీళ్లు తాగాలి. మా వదిన ఇడ్లీని సాంబారులో నానబెట్టి, చేత్తో మెత్తగా పిసికి ఇస్తుంది. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషికి ఇప్పుడు చిటికెడు కారం తగిలినా నోరంతా మంట. మాట్లాడుతుంటే నాలుక అంగిట్లో అతుక్కుంటుంది. రాత్రిళ్లు నోరు పిడచగట్టుకుపోయి లేచి కూర్చుంటాడు. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లి అక్షింతలు వేసి వస్తాడు గానీ బంతిలో కూర్చోడు. పక్కవాళ్లు తన తిండి వంక చూస్తారని సిగ్గు.

ఇవన్నీ రావచ్చని కరెంటు పెట్టే ముందు మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద వదిన చేత సంతకం పెట్టించుకున్నారు. అడిగితే, “కొన్నాళ్లకు తగ్గుతుందిలే అమ్మా” అన్నారు. తగ్గలేదు. పైగా పళ్లు వరసగా పుచ్చిపోవడం మొదలైంది. ఉమ్మి లేకపోతే పళ్లకు రక్షణ ఉండదట. కరెంటు పెట్టిన దవడలో పన్ను పీకితే ఎముక మానకుండా చెడిపోయే ప్రమాదం ఉందని, అందుకే చెడ్డ పళ్లు ఉంటే ముందే తీయించాల్సిందని ఆ తర్వాత ఒక పంటి డాక్టరు చెప్పారు. ఆ ఒక్క మాట రేడియేషన్ మొదలుపెట్టక ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మా అన్నయ్యలాంటి వాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. మన దేశంలో మగవాళ్లకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ముందు వరసలో ఉంది. దానికి పెద్ద కారణం ఖైనీ, గుట్కా, చుట్ట, బీడీ. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచీ గుంటూరులోనే ఉంది. పొగాకు పండించి, అమ్మి బతికిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉంటాయి. నేను ఆ రైతుల మీద రాళ్లు వేయడం లేదు. మా అమ్మవాళ్లదీ పొగాకు చేనే. కానీ ఈ జబ్బు మన వీధుల్లో ఉన్నప్పుడు, దాని వైద్యంలో వచ్చిన కొత్త సంగతిని వింత వార్తగా పక్కన పడేయకూడదు.

గ్రంథుల్ని కాపాడటం కొత్త ఆలోచనేమీ కాదు. చెవి ముందుండే పెద్ద గ్రంథికి వీలైనంత తక్కువ రేడియేషన్ పడేలా కిరణాల తీవ్రతను మార్చి ఇచ్చే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. దానివల్ల నోరు ఎండటం తగ్గుతుందని బ్రిటన్‌లో చేసిన పరీక్షల్లో 2011 నాటికే తేలింది. అన్ని గ్రంథుల్నీ అందరికీ వదిలేయడం కుదరదు, అది నాకూ తెలుసు. గడ్డ ఉన్న చోట రేడియేషన్ పడాల్సిందే, ముందు ప్రాణం ముఖ్యం. అయినా “ఈ రోగిలో ఏ గ్రంథుల్ని కాపాడగలం?” అన్న ప్రశ్న ప్లానింగ్ వేసేటప్పుడు వేసుకోవాలి. దానికి వచ్చిన జవాబు ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి.

మన రెండు ఊళ్లలో రేడియేషన్ ఇచ్చే ఆసుపత్రులన్నిటినీ, సర్కారువైనా ప్రైవేటువైనా, నేను అడిగేది ఇదీ. చికిత్సకు ముందు రోగికి తెలుగులో ఒక కాగితం ఇవ్వండి. నోరు ఎండటం, మింగుడు పడకపోవడం ఎంతవరకు రావచ్చో, ఏది తగ్గుతుందో ఏది తగ్గకపోవచ్చో అందులో రాయండి. పంటి డాక్టరుకు చూపించాకే మొదలుపెట్టండి. చదువురాని వాళ్లకు ఒక నర్సమ్మ కూర్చుని చదివి చెప్పాలి. మాకు కరెంటు ఖర్చు ఆరోగ్యశ్రీలో పోయింది గానీ, నోరు తడుపుకునే స్ప్రే సీసాలు మాత్రం ఇప్పటికీ బయట కొనుక్కుంటున్నాం. రోజు కూలి మీద బతికేవాళ్లు అవెక్కడ కొంటారు? అవి కూడా పథకంలో చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

మీ పత్రికకు కూడా ఒక మనవి. అదే ఆరోగ్య పేజీలో ఈసారి ఇక్కడి రేడియేషన్ డాక్టర్లతో, పంటి డాక్టర్లతో మాట్లాడి, కరెంటు పెట్టించుకోబోయే వాళ్లు ముందుగా ఏమేం అడగాలో వివరంగా వేయండి. వార్డుల బయట కూర్చునే వాళ్లు పేపరు అక్షరం వదలకుండా చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు