అద్దె దగ్గర తప్పిన బెవరిజ్ లెక్క

సంపాదకులకు,

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ తెచ్చిన సంక్షేమ చట్టాల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాం. 1936లో 31.1 శాతం ఉన్న పేదరికం 1950 నాటికి 2.77 శాతానికి పడిపోయిందనీ, అదంతా ఆ చట్టాల చలవేననీ వ్యాసకర్త రాశారు. అంకె సరైనదే. కాకపోతే అది బ్రిటన్ మొత్తానిది కాదు, యార్క్ అనే ఒక్క ఊరిది. అందులోనూ కార్మిక కుటుంబాలది మాత్రమే. లెక్క కట్టింది పేదరికం మీద సర్వేలు చేసిన సీబోమ్ రౌన్‌ట్రీ.

ఆ తగ్గుదల ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడాలి. 1936లో యార్క్ పేదరికానికి పెద్ద కారణాలు చాలీచాలని కూలి, నిరుద్యోగం. 1950 సర్వేకి వచ్చేసరికి, పని చేయగలిగి ఉండి పని దొరక్క పేదరికంలో పడ్డ కుటుంబం ఒక్కటీ తేలలేదు. ఆ ఘనత 1946 నాటి జాతీయ బీమా చట్టానిది కాదు, చేతినిండా పని ఉండటానిది. ఈ సంక్షేమ పథకానికి నమూనా గీసిన విలియం బెవరిజ్ 1942 నివేదికలో తన లెక్కల కోసం వేసుకున్న నిరుద్యోగం 8.5 శాతం. యుద్ధం తర్వాత, 1947 చలికాలంలో బొగ్గు కొరతతో ఫ్యాక్టరీలు మూతపడ్డ కొన్ని వారాలు పక్కన పెడితే, అది ఏళ్ల తరబడి 2 శాతం చుట్టుపక్కలే ఉండిపోయింది. పైగా ఆహారం మీద ప్రభుత్వ సబ్సిడీ అప్పటికింకా ఉంది. రౌన్‌ట్రీ సేకరించిన పాత పత్రాలను తర్వాతి తరం ఆర్థికవేత్తలు మళ్లీ లెక్కేసి, సంక్షేమ చట్టాల వాటాను ఆయన ఎక్కువ చేసి చూపారని తేల్చారు.

మిగిలిన ఆ 2.77 శాతంలో దాదాపు మూడింట రెండు వంతుల కుటుంబాల పేదరికానికి కారణం ముసలితనం. అంటే పింఛను తీసుకుంటున్నవాళ్లే పేదలుగా తేలారు. ఎందుకు తేలారన్నదే అసలు ప్రశ్న. వ్యాసంలో దాని ఊసే లేదు.

జాతీయ బీమా, జాతీయ సహాయం రెండూ 1948 జులై 5నే అమల్లోకి వచ్చాయి. బీమా అంటే చందా కట్టినవాడికి హక్కుగా వచ్చే డబ్బు. సహాయం అంటే ఇల్లూ ఆదాయం ఆరా తీసి ఇచ్చేది. బీమా కింద వారానికి భార్యాభర్తలిద్దరికీ కలిపి 42 షిల్లింగులు, ఒంటరి మనిషికి 26. సహాయం కింద దంపతులకు 40, ఒంటరికి 24. చూడగానే బీమాయే మెరుగనిపిస్తుంది. తిరకాసు ఏమిటంటే, సహాయం బోర్డు ఆ 40కి తోడు ఇంటద్దె కూడా విడిగా ఇచ్చేది. బీమా ఇచ్చేది కాదు. వారానికి 12 షిల్లింగుల అద్దె కట్టే వృద్ధ దంపతులను తీసుకోండి. సహాయం లెక్కన వాళ్లకు కనీసం కావలసింది 52. బీమా పింఛను 42. వారం వారం 10 షిల్లింగులు తక్కువ. నిజానికి అద్దె 2 షిల్లింగులు దాటితే చాలు, జీవితమంతా చందా కట్టిన మనిషి కూడా, వేరే రాబడి లేకపోతే, ప్రభుత్వం తానే గీసిన కనీస గీత కిందికి జారిపోతాడు.

బెవరిజ్‌కు ఇది తెలియక కాదు. లండన్ అద్దెకూ పల్లెటూరి అద్దెకూ పొంతన లేదని నివేదికలోనే చర్చించారు. అయినా దంపతులకు సగటున 10 షిల్లింగులు అద్దె కింద వేసుకుని, మొత్తం 40గా లెక్క కట్టి ఊరుకున్నారు. ఎవరి అద్దె వాళ్లకు ఇవ్వాలంటే ఒకే చందా కట్టినవాళ్లకు వేర్వేరు మొత్తాలు ఇవ్వాలి, ఇంటింటికీ ఆరా తీయాలి. ఆరా తీయకూడదన్నదే ఆ పథకానికి ఆయువుపట్టు. దానికి తోడు ధరల చిక్కు. అప్పటి అధికారిక జీవన వ్యయ సూచీ 1914 నాటిది. ఆ సూచీలో ఉన్న సరుకుల ధరలను యుద్ధకాలంలో సబ్సిడీలతో అణిచి ఉంచారు. 1947లో దాన్ని పక్కన పెట్టేదాకా అసలు ధరలు ఎంత పెరిగాయో అందులో కనిపించలేదు. 1946లో మంత్రి జేమ్స్ గ్రిఫిత్స్ 26, 42 ఖరారు చేసేటప్పుడు చేతిలో ఉన్న కొలబద్ద ఇదే.

మరి పింఛను పెంచవచ్చు కదా? పెంచారు కూడా, కానీ సహాయం రేటు కూడా వెంబడే పెరుగుతూ వచ్చింది. పెద్దగా పెంచడానికి అడ్డం పడింది గుండుగుత్త చందా. ఉద్యోగం చేసే మగవాడు ఎవరైనా వారానికి 4 షిల్లింగుల 11 పెన్నీలు, యజమాని 4 షిల్లింగుల 2 పెన్నీలు. బీమా కార్డు యజమాని దగ్గర ఉండేది. చందా కట్టినందుకు గుర్తుగా దాని మీద వారానికో స్టాంపు అతికించేవారు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు గనుక వారానికి 5 పౌన్లు సంపాదించేవాడికి ఈ చందా జీతంలో 5 శాతానికి కాస్త తక్కువ, 20 పౌన్లు సంపాదించేవాడికి 1.2 శాతం. అడుగున ఉన్నవాడు మోయగలిగినంతే చందా, ఆ చందా తెచ్చినంతే పింఛను. కింది మెట్టు దగ్గర ముడి పడిపోయింది. జీతాన్ని బట్టి కొంత అదనపు చందా, కొంత అదనపు పింఛను అనే పద్ధతి 1961కి గానీ మొదలు కాలేదు. నిరుద్యోగ భృతి సంగతీ అంతే. అవసరం ఉన్నంత కాలం ఇవ్వాలని బెవరిజ్ అడిగితే, చట్టం మామూలుగా 180 రోజులకు కట్టేసింది.

ఫలితం ఏమిటంటే, బీమా పెరిగేకొద్దీ కరిగిపోతుందనుకున్న సహాయం ఉబ్బింది. మొదట్లో పది లక్షల లోపు ఉన్న చెల్లింపుల సంఖ్య 1960ల నడుమకు ఇరవై లక్షల దాకా వెళ్లింది. అర్హత ఉండి అడగనివాళ్లు ఈ లెక్కలో లేరు. 1930లలో నిరుద్యోగి ఇంట్లో కొడుకు, కూతురు ఎంత తెస్తున్నారో కూడా లెక్కగట్టి భృతి కోసేవారు. ఆ ఇంటిల్లిపాది ఆరా 1941లో రద్దయినా, దాన్ని చూసిన తరం మళ్లీ అధికారిని గడప తొక్కనివ్వడానికి ఒప్పుకోలేదు. పస్తున్నా సరే, అడగబోమన్నారు.

ఇక్కడే జాతీయ ఆరోగ్య సేవతో పోల్చి చూడాలి. అదీ 1948 జులై 5నే మొదలైంది, ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్. స్టాంపు డబ్బుతోనే ఆస్పత్రులు నడుస్తున్నాయని అక్కడి జనం కూడా చాలామంది అనుకునేవారు. నిజానికి అందులో స్టాంపు వాటా కొంచెమే, సింహభాగం పన్నులది. చందాకూ వైద్యానికీ ముడి లేదు. 1911 చట్టం కింద డాక్టరు దొరికింది బీమా ఉన్న కార్మికుడికే. అతని భార్యకూ పిల్లలకూ లేదు. 1948లో వాళ్లంతా ఒక్కసారిగా లోపలికొచ్చారు. పళ్ల సెట్లకూ కళ్లజోళ్లకూ జనం ఎగబడ్డారని గగ్గోలు పుట్టింది. 1951లో వాటికి రుసుము పెడితే బెవన్ రాజీనామా చేశారు. 1952లో మందుల చీటీకి షిల్లింగు పెట్టారు. ఖర్చు అదుపు తప్పిందా అని చూడటానికి వేసిన గిల్‌బో కమిటీ 1956లో తేల్చింది మరొకటి: జాతీయోత్పత్తిలో ఆరోగ్య సేవ వాటా 1949-50లో 3.75 శాతం, 1953-54లో 3.25. అంటే తగ్గింది. దాని అసలు లోపం దుబారా కాదు, కొత్త భవనాలు కట్టకపోవడం. వైద్యం చాలాచోట్ల పాత పేదల ఆశ్రమాల భవనాల్లోనే సాగింది. కొత్త ఆస్పత్రులకు జాతీయ ప్రణాళిక 1962 దాకా రాలేదు.

పిల్లల కోసం ఇచ్చే కుటుంబ భత్యం గురించి ఒక మాట. బెవరిజ్ అడిగింది ఒక్కో బిడ్డకు వారానికి 8 షిల్లింగులు, 1946లో ఇచ్చింది 5. మొదటి బిడ్డకు అసలే లేదు. కోసిన దానికి బదులు బడిలో పాలు, భోజనం అన్నారు.

వ్యాసం ఆడవాళ్ల సంగతి ఎత్తనే లేదు. పెళ్లయి ఉద్యోగం చేసే స్త్రీ పూర్తి చందా మానేసుకోవచ్చని చట్టం వెసులుబాటు ఇచ్చింది. చాలామంది మానేశారు. అప్పుడు సొంత పింఛను లేదు. భర్త కట్టిన చందా మీద అతని 26కు కలిసే 16 షిల్లింగులే ఆమె వాటా. కొత్తగా ఎంచుకునేవారికి ఆ వెసులుబాటును ఆపింది 1977లో.

దయచేసి ఆ 2.77 పక్కన ‘యార్క్’ అన్న మాట చేర్చండి. దాంతోపాటు 1965లో పరిశోధకులు బ్రియాన్ ఏబెల్-స్మిత్, పీటర్ టౌన్సెండ్ వెలువరించిన లెక్క కూడా వేస్తే బాగుంటుంది. సహాయం రేటుకు 1.4 రెట్లను గీతగా తీసుకుంటే 1960లో ఆ గీత కింద బ్రిటన్ జనాభాలో 14.2 శాతం, అంటే సుమారు 75 లక్షల మంది ఉన్నారు. గీతను అంత ఎత్తున పెట్టడం మీద వాదించవచ్చు. అసలు రేటుకే కిందున్నవాళ్లను లెక్కేసినా ఇరవై లక్షల దాకా తేలారు.

— ఇద్దరు పాఠకులు