ముడత దగ్గరే ఆగిపోవద్దు రా

తిరుపతి
ఆదివారం

ఒరేయ్ మురళీ,

ఎట్లుండావు రా? నువ్వు కొనాలనుకుంటా ఉండే ఆ సెస్నా 172 చిన్న విమానం ఫోటోలన్నీ చూసినా. ముక్కు చక్రం మీద గట్టిగా దిగిందంట, కింద రేకు కొంచెం ముడత పడిందంట, తట్టి సాపు చేస్తే సరిపోతాదని అమ్మేవాళ్లు అంటా ఉండారా? నువ్వు మాత్రం ఒప్పుకోవద్దు. ఇత్తడి బిందెకు సొట్ట పడితే తట్టి వాడుకోవచ్చు. ఇది 2024-టి3 అనే రకం అల్యూమినియం, చానా చోట్ల మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మడత పడినదాన్ని మళ్ళీ సాపు చేస్తే ఆ గీత మీదే పగులుతాది.

అయినా ముడత కంటే, ఆ దెబ్బ ఎక్కడిదాకా పోయిందనేదే ముఖ్యం. ముక్కు కాలు ఫైర్‌వాల్‌కే, అంటే ఇంజనుకూ కూర్చునే చోటుకూ మధ్యలో ఉండే అడ్డు రేకుకే కదా బిగించేది, అందుకే మొదట వంగేది ఫైర్‌వాల్ కింది భాగమే. బయట నుంచి ఇంజను అడ్డమొస్తాది. లోపల కార్పెట్ లేపి, పెడల్స్ కింద తల పెట్టి టార్చితో చూడు. టార్చిని రేకుకు ఎదురుగా కాకుండా దాదాపు ఆనించి పక్క నుంచి పట్టుకుంటే చిన్న అల కూడా నీడ వేస్తాది. తోక చుక్కాని తిప్పే రడ్డర్ పెడల్ పట్టేసినట్టుంటే అనుమానం ఇంకా గట్టిపడతాది. ఇంజనును పట్టి ఉంచే మౌంట్ గొట్టాలకు వెల్డింగుల దగ్గర రంగు చిట్లిందేమో వేలితో తడిమి చూడు.

ఇంకో మాట, నువ్వు పోయేలోపల విమానాన్ని కడగొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. వదులైన రివెట్ రేకుతో రాసుకుని నల్లటి పొడి రాలుస్తాది, అది గాలి పోయే దిక్కుకు పొగలాగా చార కడతాది. రెక్క కింద నీలం మరక ఉంటే 100ఎల్‌ఎల్ అనే విమానం పెట్రోలు కారిందన్నమాట. ఒక్కసారి తుడిచినారంటే రెండు సాక్ష్యాలూ పోతాయి.

తలుపులు నెమ్మదిగా వేసి చూడు. సందు ఒక పక్క ఎక్కువుంటే, పెద్ద చక్రాల కాళ్లు బిగించిన చోట, సీట్ల కింద నేల తెరిపించు. రెక్కను కింది నుంచి ఆనించి పట్టే వాలు కడ్డీ, అదే స్ట్రట్, దాని రెండు చివర్ల బోల్టులూ చూడు. తోక మధ్యలో ఒక రివెట్ నుంచి రెండు రెక్కల కొసల్లో అదే చోటి రివెట్‌లకు స్టీలు టేపుతో కొలిచి, రెండు కొలతలూ రాసుకో, తేడా ఉంటే ఏదో వంగిందని అనుమానించాల.

పగులు అనుమానమొస్తే డై పెనెట్రెంట్, అంటే పగుల్లోకి దూరే రంగుతో చేసే పరీక్ష. పెయింటు తీసేసి, శుభ్రం చేసి, ఎర్ర ద్రవం పూసి 10 నుంచి 20 నిమిషాలు ఆగాల. తుడిచేటప్పుడు సాల్వెంట్‌ను గుడ్డ మీద వేసుకో, రేకు మీద నేరుగా కొట్టొద్దు, పగుల్లోది కూడా కడుక్కుపోతాది. ఆ తర్వాతే పగుల్లోని ఎర్రను పైకి లాగి చూపించే తెల్ల డెవలపర్. రేణిగుంటలో మే ఎండకు రేకు ఈ పరీక్షకు హద్దైన 52 డిగ్రీలు దాటడం ఎంతసేపు, నీడలోనే చేయించు. బోల్టు రంధ్రం లోపలి పగులు దీనికి దొరకదు, అక్కడ లోహంలో కరెంటు పుట్టించి పగులు పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్షే. 2018లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో పైపర్ యారో అనే చిన్న విమానం రెక్క గాల్లో ఊడింది అట్లాంటి పగులుతోనే, రెక్క లోపలి దూలం, అదే స్పార్, దాని కింది బోల్టు రంధ్రంలో. ఇద్దరి ప్రాణాలు పోయినాయి రా.

ప్రొపెల్లర్ నేలకు తగిలిందా అని గట్టిగా అడుగు. తగిలుంటే ఇంజను ఎంత బాగా తిరుగుతా ఉన్నా విప్పాల్సిందే. ఇంజను ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్, దాని వెనక గేరు దెబ్బతిని ఉన్నా బయటికి ఏమీ చెప్పదు.

లాగ్‌బుక్‌లో ఆ ల్యాండింగ్ తర్వాతి తనిఖీకి లైసెన్స్ ఉన్న ఇంజనీరు సంతకం లేకుంటే బయానా ఇవ్వొద్దు. ఆ పేజీల ఫోటోలు నాకు పంపు.

అమ్మను అడిగినట్టు చెప్పు.

నీ
శీనుగాడు