ఫడ్నవీస్ గారూ, ఆ 2,100 ఎప్పటి నుంచి ఇస్తారు?

మహారాష్ట్ర ముఖ్యమంత్రి, మా గడ్చిరోలి జిల్లా పాలక్ మంత్రి (జిల్లా ఇన్‌చార్జి మంత్రి) కూడా అయిన దేవేంద్ర ఫడ్నవీస్ గారికి సిరొంచ నుంచి నమస్కారం.

సార్, ఓట్లేసి ఏడాది దాటింది. 2024 నవంబర్‌లో మీ మహాయుతి కూటమి కొల్హాపూర్ సభలో పది హామీలు ఇచ్చింది. అందులో మా ఊళ్లలో అందరి నోటా నానినవి రెండే: ఆడవాళ్లకు ఇచ్చే లాడ్కీ బహీణ్ పథకం డబ్బు నెలకు 1,500 నుంచి 2,100 చేయడం, రైతుల అప్పు మాఫీ. మరాఠీ అంతంతమాత్రంగా వచ్చే మా అత్తమ్మ కూడా ఆ 2,100 మాత్రం తడుముకోకుండా చెప్పేది. 288 సీట్లలో 230 మీకే ఇచ్చారు జనం. 2025 మార్చి బడ్జెట్ చూస్తే అదే 1,500.

1,500 వస్తున్నాయి, కాదనను, ఆ డబ్బుతో గ్యాస్ బండ తెచ్చుకునే ఇళ్లు మా వాడలోనే ఉన్నాయి. కానీ పొలం తన పేరు మీద ఉండి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, రాష్ట్రం ఇచ్చే నమో శేత్కరీ రైతు సాయం డబ్బులు తీసుకునే ఆడమనిషికి మీరిచ్చేది 500 మాత్రమే అని ఓట్లప్పుడు ఎవరూ గట్టిగా చెప్పలేదు. పైగా ఈ-కేవైసీ అన్నారు. భర్తదో తండ్రిదో ఆధార్ పెట్టి, వాళ్ల ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొట్టాలట. ఇద్దరూ పోయిన మనిషి ఎవరి ఫోన్ చూసుకోవాలి సార్? తర్వాత సవరించారు, గడువు పెంచారు, సరే, కానీ ఈలోపు సిగ్నల్ కోసం డాబాలెక్కి దిగిన ఆడవాళ్ల టెన్షన్ మామూలుది కాదు.

అప్పుల సంగతి ఇంకా బాధ. మాఫీ వస్తుందని నమ్మి బాకీ కట్టకుండా ఆగినవాళ్లకు, మార్చి 31లోగా కట్టేయండి అని మీ ప్రభుత్వంలోని పెద్దలే తీరా ఆ నెలాఖరులో చెప్పారు. బాకీ ఆగితే బ్యాంకు కొత్త పంట అప్పు ఇవ్వదు. ఇక్కడ మిర్చి, పత్తి వేసేవాళ్లు అప్పు లేకుండా పొలంలో అడుగు పెట్టలేరు, బ్యాంకు కాదంటే వడ్డీ వ్యాపారే దిక్కు, పంట చేతికొచ్చాక రేటు చెప్పేదీ అతనే. 2025 అక్టోబర్‌లో నాగపూర్‌లో రైతులు రోడ్డెక్కాక గానీ 2026 జూన్ 30లోపు తేలుస్తామన్న మాట రాలేదు. ఆ మాటేదో మొదటి బడ్జెట్‌లోనే చెప్పి ఉంటే ఎంతమంది ఆ వడ్డీ తప్పించుకునేవారో!

గోదావరి దాటితే తెలంగాణలోని కాళేశ్వరం. అక్కడి మా చుట్టాల్లో కొందరికి 2024లో 2 లక్షల దాకా మాఫీ అయింది. ఆడవాళ్లకు నెలకు ఇస్తామన్న 2,500 మాత్రం వాళ్లకూ రాలేదు, కాబట్టి అటువైపు అంతా బాగుందని నేననడం లేదు. అక్కడి సర్కారును వాళ్లు అడుగుతారు, మిమ్మల్ని అడగాల్సింది మేమే.

గడ్చిరోలి పాలక్ మంత్రి పదవి మీరే కోరి తీసుకున్నారు, అందుకే మీ మీద ఆశ ఎక్కువ. వచ్చే బడ్జెట్‌లో 2,100 పెట్టండి. ఏ నెల నుంచి ఇస్తారో, మాఫీ ఎంతవరకో, ఏ తేదీ దాకా తీసుకున్న అప్పుకో రాతపూర్వకంగా చెప్పండి. జిల్లా కేంద్రానికి వచ్చి వెళ్లిపోకుండా ఇంకో 200 కిలోమీటర్లు ఓపిక చేసి సిరొంచ దాకా వచ్చి చెబితే, మా ప్రశ్నలు ఎదురుగానే అడుగుతాం.