కొండపల్లి పతనం పోలీసుల చేతిలో జరగలేదు

సంపాదకులకు నమస్కారం.

మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో భద్రతా బలగాల చేతిలో మరణించిన తరువాత, ఆ పార్టీకి మూలమైన పీపుల్స్‌వార్ వ్యవస్థాపకుడు కొండపల్లి సీతారామయ్య ప్రస్తావన పత్రికల్లో మళ్ళీ కనబడుతోంది. అయితే చాలామంది ఆయన కథను 1980 ఏప్రిల్ 22న పార్టీ పెట్టడంతో మొదలుపెట్టి, 1984 జనవరిలో ఉస్మానియా ఆస్పత్రి నుంచి పోలీసుల కళ్ళుగప్పి తప్పించుకోవడంతో ముగిస్తున్నారు. ఆ తరువాత ఆయన బతికిన పద్దెనిమిదేళ్ళ సంగతి రాసేవారు తక్కువ.

నేను కాజీపేటవాణ్ణి. ఫాతిమానగర్‌లోని సెయింట్ గాబ్రియేల్స్ బడి మీదుగా వెళ్ళినప్పుడల్లా, అక్కడ హిందీ పాఠాలు చెప్పుకున్న కృష్ణా జిల్లా పంతులు సీతారామయ్యగారి మాట విని ఇంతమంది చదువుకున్న పిల్లలు పల్లెలకు ఎందుకు వెళ్ళారా అని ఆలోచిస్తాను. వెట్టి ఉంది, దొరల గడీలు ఉన్నాయి, జీతగాళ్ళ గోడు వినే నాథుడు లేడు. దొరలకు వ్యతిరేకంగా సాగిన 1978 జగిత్యాల జైత్రయాత్రకు జనం కదిలింది అందుకే. ఆ కోపం న్యాయమైనదని నేటికీ నమ్ముతాను.

కానీ రహస్యంగా, ఆయుధం నీడలో నడిచే పార్టీలో నాయకుడితో విభేదించినవాడు నిలబడి వాదించే చోటు ఉండదు. అదే బడిలో ఆయనతో కలిసి పనిచేసిన కె.జి. సత్యమూర్తి అలాగే బయటికి వెళ్ళవలసి వచ్చింది. కొన్నేళ్ళకు, 1990ల ఆరంభంలో, సీతారామయ్యనే ఆయన పెట్టిన పార్టీ బహిష్కరించింది. 1993లో అరెస్టయ్యేనాటికి ఆయన వెనుక దళమూ లేదు, పార్టీ లేదు. 2002 ఏప్రిల్ 12న విజయవాడలో కన్నుమూశారు.

ఈ కథలో ఎవరూ పట్టించుకోని మనిషి సీతారామయ్య భార్య కోటేశ్వరమ్మగారు. ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చి, అజ్ఞాతవాసం చేసి, చివరికి భర్త విడిచిపెట్టగా, పెద్ద వయసులో మెట్రిక్ చదివి కాకినాడలో హాస్టల్ ఉద్యోగంతో బతుకు నిలబెట్టుకున్నారు. తొంభై దాటాక ఆత్మకథ వెలువరించి, నూరేళ్ళ వయసులో 2018లో విశాఖలో మరణించారు. సీతారామయ్యపై ఇకముందు వ్యాసాలు ప్రచురించేటప్పుడు, ఆమె రాసింది కూడా చదివినవారి చేత రాయించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
కాజీపేట పాఠకుడు