మూడు అంగుళాలని రాసి రెండున్నర పంపారు: ఫ్లాప్ మోటార్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: మీరు పంపిన ఎలక్ట్రిక్ ఫ్లాప్ మోటార్ స్ట్రోక్ (దాని కడ్డీ కదిలే మొత్తం దూరం) తక్కువగా ఉండటం, దానికి మీవాళ్ళు చెప్పిన పరిష్కారం ప్రమాదకరంగా ఉండటం గురించి.

నమస్కారం. మీ హైదరాబాద్ ఆఫీసు వాళ్ళతో మూడుసార్లు ఫోన్లో తెలుగులోనే మాట్లాడాను కాబట్టి ఉత్తరమూ తెలుగులోనే రాస్తున్నాను. నేను టెక్సాస్‌లో ఉంటాను. ఆరేళ్ళుగా శనాదివారాలు హ్యాంగర్‌లో కూర్చుని రెండు సీట్ల అల్యూమినియం విమానం కట్టుకుంటున్నాను. రెక్కలు బిగించడం అయిపోయింది, ఫ్లాప్‌ల (ల్యాండింగ్‌కి కిందికి దింపే, రెక్క వెనకుండే పలకల) సర్దుబాటు దగ్గర ఆగిపోయాను.

నా డ్రాయింగ్ ప్రకారం ఫ్లాప్ పూర్తిగా పైకి ఉన్నప్పుడు దాని వెనక అంచు, తటస్థంగా పెట్టిన ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే పలక) వెనక అంచుతో ఒకే గీతలో ఉండాలి. పూర్తిగా దింపితే 40 డిగ్రీలు రావాలి. పై స్థానం మొదట సరిచేసుకుని, డిజిటల్ లెవెల్‌ని ఫ్లాప్ మీద పెట్టి సున్నా చేసి, స్విచ్ నొక్కాను. 33 దగ్గర ఆగింది. రెండో వైపూ అంతే. బ్యాటరీ తక్కువేమోనని ఛార్జర్ తగిలించి మళ్ళీ చూశాను, అదే 33.

మోటార్ ఊడదీసి బల్లమీద పెట్టి, ఏ బరువూ లేకుండా కాలిపర్‌తో కొలిచాను. లేబుల్ మీద స్ట్రోక్ 3 అంగుళాలని ఉంది. వచ్చింది 2.5. నా ఫ్లాప్ ఆర్మ్ పొడవు 4.4 అంగుళాలు. 40 డిగ్రీలు తిరగాలంటే దాని కొసకి 3 అంగుళాల కదలిక కావాలి, రెండున్నరకి 33 డిగ్రీలే వస్తాయి. లెక్కా లెవెలూ ఒకే మాట చెబుతున్నాయి. లోపం నా బిగింపులో లేదు, మీ డబ్బాలో ఉంది.

దీనికి మీ టెక్నికల్ డెస్క్ ఆయన ఇచ్చిన సలహా: "పుష్‌రాడ్ కొంచెం పొడుగు చేసుకోండి సార్, నలభై వచ్చేస్తుంది." వస్తుంది నిజమే. కానీ మోటార్ కదలికని ఫ్లాప్‌కి అందించే ఆ పుష్‌రాడ్ పొడవు మారిస్తే ఫ్లాప్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్నది మారుతుందే తప్ప, మొత్తం ఎంత తిరగాలన్నది మారదు. పొట్టి దుప్పటి తలకి లాక్కుంటే కాళ్ళు బయటపడ్డట్టు, కింద 7 డిగ్రీలు దొరికితే పైన 7 పోతాయి. మీ ఆయన మాట మీద ఒక వైపు చేసి చూశాను. 10 అంగుళాల ఫ్లాప్, "పైకి" స్థానంలోనే ఎయిలరాన్ కంటే అంగుళం పావు కిందికి వేలాడుతోంది. దాన్ని ఈడ్చుకుంటూ క్రూజ్‌లో (మామూలు ప్రయాణ వేగంలో) వెళ్ళమంటారా?

అంతకంటే భయపెట్టింది రాడ్ ఎండ్, అంటే పుష్‌రాడ్ చివర మరతో బిగించే ముక్క. ఆ పొడవు కోసం పదిహేను చుట్లు బయటికి తిప్పాల్సి వచ్చింది. తరవాత పుష్‌రాడ్‌కున్న తనిఖీ రంధ్రంలో సన్నతీగ దూర్చి చూస్తే, దేనికీ తగలకుండా నేరుగా అవతలికి వచ్చేసింది. అంటే మర ఆ రంధ్రం దాకా కూడా లేదు. గాలిలో ఒక వైపు రాడ్ ఊడి ఆ ఫ్లాప్ పైకి లేచిపోతే, రెండోది కిందే ఉంటే, విమానం పక్కకి దొర్లుతుంది. అదీ ల్యాండింగ్‌కి దిగుతూ, నేలకి దగ్గరగా. మా ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం) చాప్టర్ టెక్నికల్ కౌన్సెలర్ వచ్చి ఆ రంధ్రం చూసి, ఏమీ అనకుండా తీగ నా చేతిలో పెట్టాడు. అప్పుడే వెనక్కి తిప్పేశాను.

"ఏడు డిగ్రీలకి ఏమవుతుంది సార్" అని కూడా అన్నారు. స్టాల్ వేగంలో (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగంలో) పెద్ద తేడా రాకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ చివరి డిగ్రీలు నాకు కావలసింది డ్రాగ్ (విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం) కోసం. మా రన్‌వే 2,200 అడుగులు, ఈ చివర పెకాన్ చెట్లు. చెట్లు దాటాక నిటారుగా దిగాలి.

"బిల్డర్ బాధ్యత" అన్న మాట మాత్రం నాకు చెప్పక్కర్లేదు. ఈ దేశంలో సొంతంగా కట్టుకున్న విమానానికి తయారీదారు పేరు దగ్గర రాసేది నా పేరే. అందుకే కొలిచాను, అందుకే రాస్తున్నాను.

నాకు కావలసినవి ఇవి. నిజంగా 3 అంగుళాల స్ట్రోక్ ఉన్న మోటార్, పంపేముందు మీరు కొలిచిన కాగితంతో సహా. రానుపోను కొరియర్ ఖర్చు మీదే. ఇదే బ్యాచ్ మోటార్లు కొన్న మిగతావాళ్ళకి మీరే రాసి చెప్పాలి. పుష్‌రాడ్ పొడిగించమనే సలహా ఇక ఎవరికీ ఇవ్వకూడదు. ఆరేళ్ళ పని అయ్యాక ఒక్కడు ఆ మాట నమ్మినా చాలు, కొంప మునగడానికి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే డబ్బు వాపసు కోసం నా కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేస్తాను. బిల్లు, కాలిపర్ ఫోటోలు, తీగ దూర్చిన ఫోటో జతచేశాను. మోటార్ ఊడదీసే ఉంది, అట్టపెట్టెలో పెట్టి ఉంచాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు, టెక్సాస్