నెల తప్పాక ఇచ్చే మాత్ర ఆలస్యమే

సంపాదకుల వారికి,

గర్భిణులకు అందుతున్న వైద్యసేవల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి, సంతోషమే. అయితే ఆరోగ్య శాఖలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న దానిగా నాకు మొదటినుంచీ ఉన్న అసంతృప్తి ఒకటుంది. మన లెక్కలన్నీ నెల తప్పిన తర్వాతే మొదలవుతాయి.

నెల తప్పిందని గమనించి, ఇంట్లో పెద్దలకు చెప్పి, మంచిరోజు చూసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లేసరికి మన పల్లెల్లో చాలామందికి రెండో నెల దాటిపోతుంది. ఏఎన్ఎం మాతాశిశు సంరక్షణ కార్డు తెరిచి, ఆఖరి బహిష్టు తేదీ రాసుకుని, ఫోలిక్ యాసిడ్ మాత్రలు చేతిలో పెట్టే నాటికి ఆ మాత్ర చేయవలసిన ముఖ్యమైన పనికి గడువు ముగిసిపోయి ఉంటుంది. బిడ్డకు మెదడుగా, వెన్నుపాముగా మారవలసిన నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో చీలికతోనో, పుర్రె పైభాగం లేకుండానో పుడుతుంది. అంతకుముందు ఇలాంటి లోపమున్న బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే అది మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గిందని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1991లోనే వెల్లడించింది.

మన దగ్గర నిబంధన లేక కాదు. రక్తహీనత నివారణకు కేంద్రం 2018లో తెచ్చిన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాలు గర్భధారణకు ముందునుంచి తొలి మూడు నెలలు నిండేవరకు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలని స్పష్టంగా చెబుతున్నాయి. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఊళ్లోని అర్హులైన దంపతుల రిజిస్టరులోకి ఎక్కుతుంది కూడా. కానీ ఆ రిజిస్టరును కుటుంబ నియంత్రణ లెక్కల కోసం తిరగేసినంతగా, ఆ అమ్మాయికి ఒక మాత్రల పట్టీ ఇవ్వడం కోసం ఎవరూ తిరగేయరు. ఇక రక్తహీనత సంగతి చెప్పనక్కరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనులే. గర్భిణికి ఐరన్ మాత్ర ఇవ్వడం నాలుగో నెలలో మొదలవుతుంది. పెళ్లినాటికే తక్కువగా ఉన్న రక్తాన్ని మిగిలిన ఆరు నెలల్లో నింపడం ఎంత కష్టమో ప్రసవ గదిలో పనిచేసినవారికి తెలుసు.

తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పెళ్లి సాయానికి దరఖాస్తు చేసుకునేటప్పుడే పెళ్లికూతురికి హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, మూడు నెలలకు సరిపడా ఫోలిక్ యాసిడ్ ఇచ్చే ఏర్పాటు చేయాలని నా మనవి. చెక్కు ఇచ్చేటప్పుడు అనడం లేదు. కొన్నిచోట్ల చెక్కు వచ్చేసరికి చంకలో బిడ్డ ఉంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదు వేళ ఇదే పని చేయవచ్చు. ఆషాఢంలో కొత్త కోడళ్లు పుట్టింట్లో ఉంటారు గనుక ఆశా కార్యకర్తలు ఆ నెలలో వాళ్లను కలిసి మాత్రలు మొదలుపెట్టించడం ఇంకా తేలిక.

మందుల దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అది ముప్పు ఎక్కువ ఉన్నవారికి వైద్యులు రాసేది, అందరికీ అంత మోతాదు అక్కరలేదు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ (కడుపులోని బిడ్డకు హాని చేయగల మందు) వాడుతున్న స్త్రీలు పిల్లల గురించి ఆలోచించక ముందే వైద్యుణ్ని కలిసి మందు మార్పు గురించి అడగాలి. భయపడి సొంతంగా మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మధుమేహం ఉన్నవారు చక్కెరను ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. గర్భిణికి సోకితే బిడ్డకు హాని చేసే రుబెల్లా జ్వరానికి టీకా సంగతి కూడా చూసుకోవాలి. 2017 ఆగస్టులో రెండు రాష్ట్రాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు ఆ టీకా వేశారు గానీ, అప్పటికే ఆ వయసు దాటిన ఆడపిల్లలు ఎందరో ఇప్పుడు తల్లులవుతున్నారు. టీకా వేయించుకున్నాక ఒక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి.

మేనరికాలు ఇంకా జరుగుతున్న మన సమాజంలో, సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మరీ ముఖ్యంగా, తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తవ్యాధులైన తలసేమియా, సికిల్ సెల్ పరీక్షలు దంపతులిద్దరికీ జరగాలి. ఇద్దరూ ఒకే వ్యాధికి వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ పరీక్షను సంబంధాలు చెడగొట్టే సాధనంగా వాడతారేమోనని నాకూ భయమే, అందుకే ఫలితం దంపతుల చేతికే గోప్యంగా అందాలి. పరీక్ష అనగానే అమ్మాయిని ఒక్కదాన్నే పంపించే అలవాటు కూడా మానాలి. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి గుట్కా, సిగరెట్, మద్యం మానవలసిన గడువు అబ్బాయికీ ముందే మొదలవుతుంది. కండల కోసం జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే యువకులకు వాటివల్ల వీర్యకణాలు పడిపోతాయన్న సంగతి ఎవరూ చెప్పడం లేదు. అబ్బాయికి చేయవలసిన పరీక్షలనూ ఆ దరఖాస్తు సమయంలోనే చేర్చాలని రెండు ప్రభుత్వాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
సూర్యాపేట