తనిఖీ చేయాల్సింది చక్రాన్ని కాదు, వెనక కోసిన రేకును

సంపాదకులకు,

వెడల్పు చక్రాల కోసం కార్ల ఫెండర్లు (చక్రాల పైన కప్పి ఉండే రేకులు) మార్చడాన్ని పూర్తిగా నిషేధించాలని కొందరు, ఎవరి కారు వాళ్లిష్టమని మరికొందరు వాదిస్తున్నారు. రెండు పక్షాలూ చూస్తున్నది బయటికి పొడుచుకొచ్చిన టైరునే. తనిఖీలూ అక్కడితోనే ఆగిపోతున్నాయి. అసలు ప్రమాదం చాలాసార్లు ఫ్లేర్ (వెడల్పు టైరును కప్పడానికి ఫెండర్ మీద బిగించే అదనపు అంచు) చాటున, కోసి వదిలేసిన రేకులో ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. 7 అంగుళాల రిమ్, 45 ఆఫ్‌సెట్ (చక్రాన్ని బిగించే ముఖం రిమ్ నడిమి నుంచి ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో చెప్పే అంకె) ఉన్న కారుకు 8.5 అంగుళాల రిమ్, 35 ఆఫ్‌సెట్ వేశారనుకోండి. పెరిగిన అంగుళంన్నరలో సగం, అంటే 19 మి.మీ. బయటికి, 19 మి.మీ. లోపలికి పోతుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం ఇంకో 10 మి.మీ. బయటికి జరుగుతుంది. చివరికి రిమ్ బయటి అంచు 29 మి.మీ. బయటికి వస్తుంది, లోపలి అంచు 9 మి.మీ. షాక్ అబ్జార్బర్ వైపు వెళుతుంది. "అంగుళంన్నరే కదా" అనుకున్నది ఒక్క పక్కనే అంగుళం దాటిపోయింది. టైరు ఎత్తు కూడా చూసుకోవాలి. 205/55 ఆర్16 (వెడల్పు 205 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు) టైరు వ్యాసం దాదాపు 632 మి.మీ., 225/45 ఆర్17 అయితే 634. ఫరవాలేదు. అదే 225/50 ఆర్17 వేస్తే 657కి చేరుతుంది, అంటే ఫెండర్ అంచుకు టైరు ఇంకో 12 మి.మీ. దగ్గరవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేయకుండా గ్రైండర్ చేతపట్టే షాపును నమ్మొద్దు.

కొద్దిపాటి చోటు చాలనుకుంటే ఫెండర్ లోపలివైపు తిరిగిన అంచును పైకి మడిస్తే సరిపోతుంది. దీన్నే రోలింగ్ అంటారు. చక్రం తీసి, అంచు వెనక పేరుకున్న మట్టి కడిగి, రోలర్‌ను హబ్‌కు (చక్రం బిగించే భాగానికి) బిగించి, హీట్ గన్‌తో రేకును చెయ్యి ఆనించలేనంత వేడి చేసి, ఒక్కో సారికి కొంచెం కొంచెం ఒత్తిడి పెంచుతూ నాలుగైదు సార్లలో మడవాలి. చల్లటి రేకు మీద ఒకేసారి నొక్కితే పెయింట్ చిట్లుతుంది. ఆ చీలిక వెంట్రుక మందమే ఉంటుంది, కడిగినప్పుడు కూడా కనపడదు. తుప్పు మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే మడిచాక అంచంతా చూసి, ఎపాక్సీ ప్రైమర్, సీమ్ సీలర్ (సందుల్లోకి నీరు దిగకుండా పూసే ముద్ద), పెయింట్ ఈ వరసలో మళ్లీ వేయాలి. అంచును ఇంకా బయటికి లాగితే మరికొన్ని మిల్లీమీటర్లు వస్తాయి గానీ ఆశ పెరిగితే రేకు ముడతపడుతుంది, బంపర్ కలిసే చోట సందు తేలుతుంది, నాలుగు తలుపుల కారులో వెనక తలుపు అంచు ఫెండర్‌కు తగులుతుంది. ఇదంతా ఉక్కు రేకు సంగతి. ప్లాస్టిక్ ఫెండర్‌కు రోలింగ్ కుదరదు. అల్యూమినియం వంచేకొద్దీ గట్టిపడి పగులుతుంది, జోలికి పోకపోవడమే మేలు.

ముందు ఫెండర్‌కూ వెనక ఫెండర్‌కూ తేడా ఉందని చాలామంది యజమానులకు తెలియదు. ముందుది బోల్టులతో బిగించిన ఒంటి రేకు. పాడైతే విప్పి కొత్తది వేయొచ్చు. వెనకది బాడీలో భాగం. బయటి రేకు, లోపలి చక్రపు గూడు రేకు ఆ అంచు దగ్గరే కలిసి స్పాట్ వెల్డింగ్‌తో అతుక్కుని ఉంటాయి. ఆ అంచు కోసేశారంటే రెండు రేకుల్ని కలిపి పట్టుకున్న అతుకును తీసేసినట్టే.

రోలింగ్‌తో వచ్చే చోటు చాలనప్పుడు ఆ అంచును కోస్తారు. సరైన పద్ధతిలో బయటి రేకును గీసిన గీత దాకా కోస్తారు. లోపలి రేకును మాత్రం రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి, అంగుళానికో చీలిక పెట్టి, ఆ నాలుకల్ని సుత్తితో బయటికి వంచి బయటి రేకుకు ఆనిస్తారు. ఆనే చోట జింక్ ప్రైమర్ పూసి, మిగ్ వెల్డింగ్‌తో చుక్కలు చుక్కలుగా, ఒకచోట వేసి దూరంగా ఇంకోచోట వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ అతుకుతారు. ముప్పాతిక మి.మీ. మందమున్న రేకు మీద ఏకధాటిగా వెల్డింగ్ లాగితే వంకరపోతుంది. తర్వాత సందంతా సీలర్, పెయింట్, లోపలి డొల్లలోకి మైనం. పనికి ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి, డిక్కీలోని కార్పెట్, ఫోమ్ తీసేయాలి. పెట్రోలు పోసే గొట్టం చాలా కార్లలో ఆ గూట్లోంచే వెళుతుంది కాబట్టి అటువైపు నిప్పురవ్వ పడకుండా చూసుకోవాలి.

రెండో పద్ధతి ఇంకోలా ఉంటుంది: కోయడం, సందులో సిలికాన్ కుక్కడం, పైన ఫైబర్ ఫ్లేర్ పెట్టి రివిట్లు కొట్టడం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఇందులో నీళ్లు, బురద రెండు రేకుల మధ్యకు దిగుతాయి, సైలెన్సర్ పొగ డిక్కీలోంచి లోపలికి వచ్చే దారి పడుతుంది, వెనక నుంచి గుద్దుకున్నప్పుడు ఆ మూల తట్టుకునే బలం తగ్గుతుంది. రివిట్ కన్నాలకు ప్రైమర్ కూడా పూయకపోతే ప్రతి కన్నం ఒక తుప్పు చుక్క. ఫ్లేర్ అంచు కనపడకుండా పుట్టీ పెట్టి నున్నగా చేస్తే చూడ్డానికి బాగుంటుంది. అయితే ఫైబర్, ఉక్కు ఎండకు ఒకేలా సాగవు కాబట్టి ఆ అతుకు వెంబడే పగులు వస్తుంది.

పని అయ్యాక సందు సరిపోయిందో లేదో ఖాళీ కారును నిలబెట్టి చూస్తే తెలియదు. షాపులో అయితే కారును స్టాండ్ల మీద పెట్టి, స్ప్రింగ్ తీసి, బంప్ స్టాప్ రబ్బరు (చక్రం ఇంకా పైకి లేవకుండా ఆపేది) బాగా నలిగే దాకా జాకీతో హబ్‌ను లేపి, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఆ స్థితిలోనూ టైరుకూ రేకుకూ మధ్య 10 మి.మీ. ఉండాలి. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు తగులుతున్నాయేమో కూడా అప్పుడే చూడాలి. ముందు గూట్లో ప్లాస్టిక్ లైనర్ (గూటి లోపలి తొడుగు) రాసుకుంటోందని పీకి పారేసేవాళ్లున్నారు. దాని వెనకే వైరింగ్ ఉంటుంది. వేడి చేసి వంచుకోవాలి తప్ప తీయకూడదు. రాసుకోవడం అంటే చప్పుడొక్కటే కాదు. నిండా మనుషులున్న కారు గతుకులో దిగినప్పుడు మడవని అంచు టైరు పక్కగోడను కోస్తుంది, ఆ టైరు పేలేది వేగంలో ఉన్నప్పుడే.

స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరపడానికి హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్లలు) వేసిన చోట ఇంకో మాట. అవి హబ్ మీద సరిగ్గా కూర్చునేవై ఉండాలి, బోల్టు మర కనీసం దాని వ్యాసమంత లోతు పట్టాలి. 12 మి.మీ. బోల్టు ఒక్కో చుట్టుకు 1.5 మి.మీ. దిగేదైతే 8 చుట్లు. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగ్ మీద భారం, స్టీరింగ్ లాగడం పెరుగుతాయని కూడా యజమానికి ముందే చెప్పాలి.

బయటికి పొడుచుకొచ్చిన టైరు తప్పు కాదని నా ఉద్దేశం కాదు. రాళ్లు, బురద వెనక వచ్చే సైకిలు మనిషి ముఖాన పడతాయి. దీనికి యూరప్‌లో 1978లోనే కొలత పెట్టారు: చక్రం మధ్య నుంచి ముందుకు 30 డిగ్రీలు, వెనక్కి 50 డిగ్రీల మేర టైరు వెడల్పంతా ఫెండర్ కప్పాలి. కోణమానితో నిమిషంలో తేలే విషయం. అలాంటి కొలత ఉంటే నిషేధం అక్కర్లేదు, కంటి అంచనాతో వదిలేయడమూ ఉండదు.

దానితో పాటు తనిఖీ చేసే అధికారులు వెనక సీట్లో బరువు పెట్టి, ఒక ముందు చక్రాన్నీ దానికి ఎదురు మూల వెనక చక్రాన్నీ దిమ్మల మీదికి ఎక్కించి, టైరు రేకుకు తగులుతోందేమో చూడాలి. వెనక ఫెండర్ కోసిన ప్రతి కారుకూ ఫ్లేర్ బిగించక ముందు తీసిన వెల్డింగ్ ఫొటోలు షాపు ఇవ్వాలి, అవి కారు కాగితాల్లో ఉండాలి. ఫొటోలు లేని కారుకు లైనర్, డిక్కీ కార్పెట్ విప్పించి చూడటమొక్కటే మార్గం. చాలా కార్లలో అది నాలుగు క్లిప్పులు, కొన్ని స్క్రూల పని.

ఇట్లు,
కారు బాడీ పని తెలిసిన ఒక పాఠకుడు